పసుపు ఆగుతుంది, పసుపు ధర ఆగదు

నేను చేసిన పని ఇప్పుడు ఎవరూ చెయ్యరు. కాబట్టి ఇది చదివి ఎవరైనా ఆ పని నేర్చుకుంటారేమోనన్న భయం నాకు లేదు. అయినా రాస్తున్నాను. నెట్‌వర్కు ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు యంత్రం ఎట్లా పనిచేస్తుందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తమ జీతం దేని ధర మీద నిలబడి ఉందో చెప్పేవాళ్ళు తక్కువ.

నా జీతం బ్యాండ్‌విడ్త్ ధర మీద, అంటే ఇంటర్నెట్ లైను వెడల్పు ధర మీద నిలబడి ఉండేది. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దానికి ఇంటర్నెట్ సన్నటి లైను మీద, బావిలోంచి చెంబుతో తోడినట్టు వచ్చేది. ఆ చెంబుకే చాలా ధర. ఒకరు తెప్పించుకున్న పేజీని ఒక కంప్యూటర్‌లో దాచిపెట్టి, అదే పేజీ అడిగిన రెండో మనిషికి లైను ముట్టుకోకుండా అందులోంచే తీసి ఇవ్వడం నా పని. ఆ ఏర్పాటును ప్రాక్సీ అంటారు. మా చైర్మన్ దాన్ని డబ్బా అనేవారు. ఆయన్ని అందరూ పటేలు అనేవారు. ఈ కథంతా ఆ డబ్బాకూ ఆ పటేలుకూ మధ్య నేను నిలబడిన కథ.

రెండు బడులు

మా అమ్మ బీడీలు చుట్టేది. నేను పదో తరగతి అయ్యాక, ఎనభైల్లో, బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర సీజన్ గుమాస్తాగా చేరాను. సీజన్ అంటే చెరుకు ఆడే నెలలు. ఆ తర్వాత ఫ్యాక్టరీ నోరు మూసుకుంటుంది, మమ్మల్ని ఇంటికి పంపుతుంది. దాన్ని అన్‌సీజన్ అంటారు. అన్‌సీజన్‌లో చక్కెర అమ్ముడుపోతూనే ఉంటుంది, గోదాములోంచి. మాకే గోదాము లేదు.

తూకం దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. కోసిన చెరుకు ఆగదు. ఎండలో బండి మీద ఉన్నకొద్దీ బరువు పోతుంది, తీపి పోతుంది. వరుసలో వెనకపడ్డ రైతు నా కిటికీ ముందుకొచ్చి అరిచేవాడు.

"సారూ, జల్ది కాంటా పెట్టరాదు! నా చెరుకు ఎండుతున్నది, నా నోరు గూడ ఎండుతున్నది. రెంటికీ నువ్వే జిమ్మేదారి!"

అన్‌సీజన్‌లో నిజామాబాద్‌లో జిల్లా గ్రంథాలయం నా రెండో బడి. పొద్దున్నే అక్కడికి ఒక్కో దినపత్రిక ఒక్కో కాపీ వచ్చేది. చదివేవాళ్ళు పదులకొద్దీ ఉండేవాళ్ళు. అందుకని అక్కడొక రివాజు ఉండేది. పేపరు రాగానే ఆకులుగా విడదీసి తలా ఒకటి పట్టుకునేవాళ్ళు. రాజకీయాల ఆకు ఒకరిది, ఆటల ఆకు ఒకరిది, సినిమా ఆకు మీద మాత్రం ముగ్గురి తలలు. "నీ పేజీ అయిపాయెనా? గిటియ్యి, గిది తీస్కో" అని గుసగుసగా మారకం నడిచేది. మధ్యాహ్నానికి ఆ ఒక్క కాపీ ఊరి సగానికి లోకజ్ఞానం పంచి, అంచులు నలిగి, టేబులు మీద పడి ఉండేది. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చింది ఒక్కటే. చదివింది అందరూ.

అదే గదిలో ఒక అద్దాల అలమార ఉండేది. అందులో ఇంగ్లీషు సాంకేతిక పుస్తకాలు. తాళం ఎప్పుడూ వేసి ఉండేది. "అవి పాడైతయి" అనేవారు గ్రంథపాలకుడు. పుస్తకాల వీపులు చదివి చదివి నాకు వాటి పేర్లు నోటికొచ్చాయి. రోజూ పోయి ఆయన ముందు నిలబడితే, ఒకరోజు విసుగు పుట్టి తాళంచెవి నా చేతిలో పెట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకుని, పదానికొకసారి పేజీలు తిప్పుతూ, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయో చదివాను. అప్పటికి నేను కంప్యూటర్ చూడలేదు. ఈత పుస్తకం చదివినవాణ్ణి, బావి మాత్రం దొరకలేదు.

డిగ్రీలున్నవాళ్ళు నన్ను అడిగినప్పుడు నేను ఈ రెండు బడుల పేర్లే చెప్పేవాణ్ణి. కొందరు నవ్వేవారు. వాళ్ళలో కొందరికి గ్రంథాలయం ఏ వీధిలో ఉందో తెలియదు.

ఒప్పందం

పటేలు మొదట చెరుకు రైతు, తర్వాత బెల్లం వ్యాపారి, ఆ తర్వాత పసుపు నిల్వదారు, చివరికి ఇంజనీరింగ్ కాలేజీ చైర్మన్. ఈ నాలుగింటికీ ఒకే తెలివి సరిపోతుందని ఆయన నమ్మకం. చాలావరకు సరిపోయింది కూడా.

తొంభైల చివర్లో కాలేజీకి ఇంటర్నెట్ తప్పనిసరి అయింది. లైను ధర విని పటేలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని చెప్పుకున్నారు. పైగా ల్యాబుకు అట్లాంటివి నాలుగు లైన్లు కావాలన్నారు. అప్పటికి నేను నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఎవరో చెబితే పిలిపించారు.

"ఏం సదివినవు నర్సింలూ?"

"గ్రంథాలయంల చదివిన పటేలా."

"గది సదువా, జాగనా?"

"జాగనే. కానీ అండ్లనే చదువుంటది."

లైను సంగతి అడిగారు. నేను పుస్తకాల భాష పక్కనపెట్టి, పేపరు ఆకులు పంచుకునే రివాజు చెప్పాను. ఒక్క లైను చాలు, ఒక డబ్బా పెడదాం, ఒకసారి వచ్చిన పేజీ అందరికీ పంచుదాం అన్నాను. పటేలుకు టక్కున పట్టింది.

"అంటే ఒక బండి చెరుకు తెచ్చి నలుగురికి తినిపిస్తవన్నట్టు."

"చెరుకైతే తింటే అయిపోతది పటేలా. పేజీ ఎందరు తిన్నా అయిపోదు."

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. జీవితమంతా సరుకు నిల్వచేసి అమ్ముకున్న మనిషి.

"తిన్నా ఒడువని సరుకా? గిన్నొద్దులు ఏడున్నదిరా గిది!"

ఉద్యోగం ఇచ్చారు. షరతు కూడా అక్కడే పెట్టారు. "సూడు నర్సింలూ. లైను మీద నువ్వు మిగిలిచ్చేది నీ జీతం కన్న ఎక్కువున్నన్ని రోజులు నువ్వుంటవు. గది తక్కువైన నాడు నువ్వే వచ్చి నాకు చెప్పాలె. గా లెక్క నాకు తెల్వది. నీ మీద ఇడుస్తున్న."

నోటి మాట. నేను సంతోషంగా తలూపాను. బ్యాండ్‌విడ్త్ ధర తగ్గుతుందని అప్పుడు నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాలన్నీ పాతవి.

చెరుకూ పసుపూ

మొదటి మూడు నాలుగేళ్ళు నా జీవితంలో ఉత్తమమైనవి. ల్యాబులో కూర్చున్న పిల్లలంతా ఒకే ఉచిత మెయిల్ సైటు తెరిచేవాళ్ళు. దాని బొమ్మలు మొదటివాడికి చీమల బారులా వచ్చేవి. రెండోవాడికి డబ్బాలోంచి టక్కున పడేవి. నాలుగు లైన్లు కావాల్సిన చోట ఒక్కటి నడిచింది. మిగిలిన మూడు లైన్ల ధర ముందు నా జీతం చిన్నపిల్ల.

ఈ పనిలో అసలు విద్య దాచడం కాదు, ఎంతకాలం దాచాలో తెలియడం. సైటు తల మీద ఉండే బొమ్మ నెలల తరబడి మారదు. వార్తల పేజీ గంటకే మారుతుంది. రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. దేన్ని ఎప్పుడు పారేసి కొత్తది తెప్పించాలో నువ్వే చెప్పాలి. ల్యాబ్ ఇన్‌చార్జి లావణ్య, నిజామాబాద్ అమ్మాయి, ఎంసీఏ చదివి కొత్తగా చేరింది. నేను గోడకు అంటించుకున్న కాగితం చూసి నిలబడిపోయింది. దాని మీద ఒక పక్క ‘చెరుకు’ అని, ఒక పక్క ‘పసుపు’ అని రాసి, కింద సైట్ల రకాలు రాసుకున్నాను.

"ఇదేంది నర్సింలన్నా?"

"చెరుకు ఆగది మేడం, ఎండుతది. పసుపు ఉడికిచ్చి ఎండవెడితె ఏండ్లకేండ్లు ఆగుతది. సైట్లు గూడ గంతే."

"పుస్తకంల దీన్ని ఫ్రెష్‌నెస్ అంటరన్నా."

"మా కాంటా కాడ ఎండుడు అంటరు."

ఆమె నవ్వి ఆ కాగితం కాపీ రాసుకుపోయింది. పిల్లలకు పాఠం కూడా చెప్పిందట. నేను రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆ రెండు రోజుల గర్వానికి తర్వాత తగిన శాస్తి జరిగింది.

ఇంటర్నెట్‌కు అన్‌సీజన్

రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ మా లైను తెంచింది. బాగుచేసేందుకు రోజులు పడతాయన్నారు. పిల్లలు ఊరికే కూర్చోకూడదని, లైను లేకున్నా డబ్బాలో ఉన్న పేజీలు ఉన్నట్టుగా ఇచ్చేటట్టు నేను అమర్చాను. ల్యాబు యథాప్రకారం నడిచింది. ఇది నా పనితనానికి పరాకాష్ఠ అనుకున్నాను.

పటేలు వచ్చారు, ల్యాబు మూసి ఉంటుందనుకుని. నిండుగా ఉంది.

"లైను తెగిందంటిరి గద?"

"తెగింది పటేలా."

"మరి గీ పోరగాండ్లు ఏం సూస్తున్నరు?"

"డబ్బాల ఉన్న స్టాకు."

ఆయన ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి నడిచారు. ప్రతి తెర మీదకు వంగి చూశారు. మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం ఏళ్ళ తరబడి తూకంలో మోసపోయిన రైతు ముఖంలా ఉంది.

"అంటె లైను లేకున్నా నడుస్తది."

"కొన్నొద్దులు నడుస్తది పటేలా, కానీ..."

"మరి గిన్నేండ్లు నేను లైనుకు ఎందుకు కట్టిన?"



లైను బాగయింది. కానీ ఆ ఆలోచన పటేలు తలలోంచి పోలేదు. వేసవి సెలవులు రాగానే లావణ్యనూ నన్నూ పిలిచారు. "ఫ్యాక్టరీ అన్‌సీజన్ల చెరుకు ఆడుతదా? ఆడదు. గోదాంల చక్కెర అమ్ముకుంటది. గీ రెండు నెలలు కాలేజి గూడ అన్‌సీజనే. లైను బంద్ పెట్టుండ్రి. డబ్బాల స్టాకు నడిపియ్యుండ్రి."

"సార్, ఎండాకాలంలనే కదా రిజల్ట్స్ వచ్చేది! అడ్మిషన్లకు తల్లిదండ్రులు వస్తరు, ఇంటర్నెట్ చూపియ్యమంటరు" అంది లావణ్య.

"సూపియ్యమనే గదమ్మా అంటరు? సూపియ్యుండ్రి. వాడమని ఎవడన్నడు?"

లైను బంద్ అయింది. బయటికి వచ్చాక లావణ్య నా వైపు అదోలా చూసింది. "నువ్వు బాగ చేసిన కొద్ది లైను అక్కర లేకుండ అయితున్నదన్నా. లైను అక్కర లేకపోతె నువ్వెందుకు?" అంది. నేను నవ్వేశాను. ఆ మాట చాలాకాలం నాతోనే తిరిగింది.

సాంగ్లీ పోయిన లారీ

అడ్మిషన్ల రోజుల్లో బాల్కొండ దగ్గరి నుంచి రాజన్న అనే పసుపు రైతు తన బిడ్డను తీసుకుని కాలేజీ చూడటానికి వచ్చాడు. పటేలు స్వయంగా ల్యాబు చూపించారు. అన్‌సీజన్ సంగతి చెప్పలేదు. "ఏది కావాలె సూసుకో రాజన్నా. లోకమంత గీ డబ్బాల ఉంటది" అన్నారు. ఆ మాట ఎంత నిజమో ఆయనకూ లావణ్యకూ నాకూ మాత్రమే తెలుసు.

రాజన్న ఏం అడుగుతాడు? పసుపు రైతు. "సాంగ్లీల పసుపు ఏమున్నది సూపియ్యు పటేలా" అన్నాడు. మా దగ్గరి పసుపులో మంచి భాగం మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పోతుంది. అక్కడి ధర ఎక్కితే ఇక్కడ లారీలు కదులుతాయి. మార్కెట్ ధరలు చూపే సైటు ఒకటి పటేలు అప్పుడప్పుడు తెరిపించేవారు. అందుకని అది డబ్బాలో ఉంది. లైను తీసేసిన రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

పేజీ పడింది. ధర చూసి పటేలు కళ్ళు పెద్దవయ్యాయి.

"అబ్బో! గింతున్నదా?"

రాజన్న తల గోక్కున్నాడు. "గట్లెట్లుంటది పటేలా? మొన్ననే మావోడు పడ్డదన్నడు. ఒక్క ఫోన్ కొట్టు అడ్తిదారుకు."

"అడ్తిదారు ఆని లాభం సూసుకుని జెప్తడు. గిది మిషిని. మిషినికి కమీషన్ ఉంటదా?"

నేను పక్కనే ఉన్నాను. మెల్లగా అన్నాను. "పటేలా, గిది స్టాకుల పేజీ."

అతిథి ముందు ఆయన పరువు నిలబెట్టాలని అంతకన్నా గట్టిగా అనలేదు. పటేలు భుజం మీది కండువా సర్దుకున్నారు. "నాది గూడ స్టాకుల పసుపేనాయె. దానికేమాయె?"

ఆ సాయంత్రమే ఆయన గోదాములోని పసుపు ఒక లారీకెత్తి సాంగ్లీకి పంపించారు. రాజన్న మాత్రం బయట ఎస్టీడీ బూత్‌లో ఒక ఫోన్ చేసుకుని, పసుపు కదిలించకుండా బస్సెక్కి బాల్కొండ పోయాడు. బిడ్డను వేరే కాలేజీలో చేర్పించాడు.

లారీ సాంగ్లీ చేరిన రోజు పటేలుకు ఫోన్ వచ్చింది. ధర ఎప్పుడో పడిపోయింది. సరుకు వెనక్కి తెస్తే కిరాయి దండగ, అక్కడే వచ్చినకాడికి తెగనమ్మాల్సి వచ్చింది. నన్ను పిలిపించారు. కబురు తెచ్చిన అటెండర్ నన్ను చూసి, ముందే చావు కబురు విన్నట్టు కండ్లు దించుకున్నాడు.

"నీ డబ్బా అబద్ధం జెప్పింది నర్సింలూ."

"అబద్ధం చెప్పలేదు పటేలా. పాత నిజం చెప్పింది."

"పాత నిజమేందిరా? నిజం గూడ పాతవడుతదా?"

ఇక ఆ రోజు నాకు పోయేది ఏమీ కనిపించలేదు. కాబట్టి నోరు తెరిచాను. "పసుపు ఎన్నేండ్లైనా ఆగుతది పటేలా. పసుపు ధర ఆగది. పసుపు ధర చెరుకసోంటిది. కోసిన తెల్లారికే ఎండుతది. మీరు ఎండిన చెరుకును కాంటా మీద పెట్టిండ్రు."

పటేలు టేబులు మీద ఒక్కటి చరిచారు.

"గీ ముచ్చట గా దినమే గిట్ల జెప్తె నాకు సమజ్ గాకుండెనా? స్టాకుల పేజీ, స్టాకుల పేజీ అనుకుంట నసిగితివి!"

నన్ను తీసేస్తారనుకున్నాను. లైను మళ్ళీ పెట్టించమన్నారు. నా రెండు బడుల చదువులో నేను మరిచిపోయిన పాఠం అది. సరైన మాట చెప్పడం పనిలో సగమే. వినేవాడి తూకపు రాళ్ళతో తూచి చెప్పడం మిగతా సగం. ఇంటర్వ్యూ రోజు పేపరు ఆకుల కథ చెప్పి ఉద్యోగం సంపాదించినవాణ్ణి, అసలు అవసరమైన రోజు సాంకేతిక భాష గొణిగాను.

ధరల పేజీని డబ్బాలో ఎన్నడూ దాచకూడదని ఆ రోజే రాసిపెట్టాను. ల్యాబు తలుపు పక్కన నల్లబల్ల పెట్టించి, లైను తెగినప్పుడల్లా ‘ఇవాళ కనిపించేది నిల్వ సరుకు’ అని సుద్దముక్కతో రాసేవాణ్ణి. పటేలుకు ఏ పేజీ చూసినా ముందు తేదీ ఎక్కడుందో వెతకడం నేర్పాను. ఆయన అది అతిగా నేర్చుకున్నారు. పెళ్ళి పత్రిక ఇస్తే ముందు తేదీ చూసి, ఏ సంవత్సరమో రాయలేదేమని కోప్పడేవారు.

చవక

తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. లైను సన్నటి చెంబు నుంచి బిందె అయింది, బిందె నుంచి మోటారు అయింది. ధర ఏడాదికేడాది పడింది. మొదటిసారి పడ్డప్పుడు అందరితో పాటు నేనూ స్వీటు తిన్నాను. నా ముల్లు తరాజులో అటువైపు రాయి తీస్తున్నారని ఆ స్వీటు తింటూ గ్రహించలేదు.

పేజీలు కూడా మారిపోయాయి. ఒకే పేజీ అందరూ చూసే రోజులు పోయాయి. ఎవరి పేరుతో వాళ్ళకు, ఎవరి పేజీ వాళ్ళకు అప్పటికప్పుడు తయారై రావడం మొదలైంది. గ్రంథాలయానికి ఒక్క పేపరు బదులు చదివేవాడికొక పేపరు అచ్చువేసి పంపినట్టు. అట్లాంటప్పుడు ఆకులు పంచుకునేది ఎవరితో?

ఒకరోజు లావణ్య రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టింది. ఒకటి డబ్బా గుండా, ఒకటి నేరుగా లైనుకు. పిల్లలు చుట్టూ మూగారు, కోడిపందెం చూసినట్టు. ఒకేసారి ఒకే సైటు తెరిచారు. నేరుగా ఉన్నది ముందు వచ్చింది. మళ్ళీ తెరిచారు. మళ్ళీ అదే. నా డబ్బాలోని పాత డిస్కు వెతికి తీసేలోపు అసలు లోకమే వచ్చి నిలబడుతోంది.

పిల్లలు ఈలలు వేశారు. లావణ్య వెయ్యలేదు. అందరూ వెళ్ళాక మెల్లగా అంది. "ఏమనుకోకు అన్నా. నీ డబ్బా ఇప్పుడు తొవ్వల అడ్డం నిలవడ్డది."

ఆమె చెప్పింది నిజం. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు, నా నిజం ఇంత తొందరగా పాతబడినందుకు. ఇంటికి పోయి లెక్క చూసుకున్నాను. డబ్బా మిగిల్చేది నా జీతం కంటే తక్కువైంది. చాలా తక్కువ. నాటి ఒప్పందం ప్రకారం నేనే వెళ్ళి చెప్పాలి. నా బిడ్డ డిగ్రీలో ఉంది, కొడుకు ఇంటర్‌లో ఉన్నాడు. చెప్పకుంటే పటేలుకు తెలిసే దారి లేదు.

తాళం

నేను ఇంకా ఆలోచిస్తుండగా ప్రిన్సిపాల్ గారు పిలిచారు. వేరే జిల్లా నుంచి వచ్చిన మంచి మనిషి, మెత్తగా మాట్లాడతారు.

"నర్సింహులు గారూ, మీ ప్రాక్సీ వేగం కోసం అక్కర్లేదని లావణ్య గారు చెప్పారు. కానీ అది గేటులాగా పనికొస్తుంది కదా? సినిమాలు, ఆటలు, కబుర్ల సైట్లు, అన్నీ ఆపెయ్యండి. తల్లిదండ్రులు సంతోషిస్తారు. మీ ఉద్యోగానికి కూడా ఢోకా ఉండదు."

అది దయతో ఇచ్చిన మాట. నా వృత్తిలో చాలామంది ఆ మాట పట్టుకునే గట్టెక్కారు. తర్వాత నేను గమనించిన విషయం ఒకటి చెబుతాను, పిల్లలు గుర్తుంచుకోండి. పేజీ తెచ్చి ఇచ్చినంతకాలం మమ్మల్ని ప్రతి ఒక్కరూ లెక్క అడిగారు. పేజీని ఆపడం మొదలుపెట్టినవాణ్ణి ఎవరూ లెక్క అడగలేదు. వాడి జీతం పెరిగింది కూడా.

నాకు మాత్రం ఆ అద్దాల అలమార కళ్ళ ముందు నిలబడింది. పుస్తకం వీపు కనిపించేది, పుస్తకం అందేది కాదు. ఆ తాళంచెవి కోసం ఎన్ని అన్‌సీజన్లు నిలబడ్డానో నాకు తెలుసు. ఇప్పుడు నన్నే ఆ తాళం పట్టుకుని కూర్చోమంటున్నారు.

"నాతోని కాదు సార్" అన్నాను.

లావణ్య నన్ను వరండాలో పట్టుకుంది. "నీకేమన్న పిచ్చా అన్నా? నౌకరి పోతది!"

"నేను తాళం పెడితె పోరగాండ్లు రెండు దినాలల్ల తీస్తరు మేడం. గా రెండు దినాల కోసం నేనెందుకు బద్‌నాం కావాలె?"

బయటికి అట్లా అన్నాను. ఆదర్శం అంటే నవ్వుతుందని.

బోధన్ బస్టాండు దగ్గర

సాయంత్రం పూట పటేలు బోధన్ బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్‌లో మిర్చి బజ్జీలు తింటారు. చైర్మన్ అయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. కాలేజీ గదిలో అయితే ఆయన చైర్మన్. అక్కడ పటేలు. నేను అక్కడికే వెళ్ళాను.

"కూసో నర్సింలూ. ఇగో, ఈనికి గూడ ఒక ప్లేటు ఇయ్యిరా!" అని కేకేశారు.

నేను కూర్చోకుండానే చెప్పాను. లేకుంటే చెప్పలేనని తెలుసు. "పటేలా, నన్ను పెట్టుకున్ననాడు ఒక మాటన్నరు. డబ్బా మిగిలిచ్చేది నా జీతం కన్న తక్కువైననాడు నేనే వచ్చి చెప్పాలని. తక్కువైంది. డబ్బా ఇగ అక్కర లేదు."

ఆయన బజ్జీ కొరకడం ఆపలేదు. "లైను గంత సస్తా అయిందా?"

"అయింది."

"మరి ప్రిన్సిపాల్ ఏందో గేటు ముచ్చట జెప్పె?"

"గది నాతోని కాదన్న పటేలా."

ఆయన నన్ను చూశారు. మళ్ళీ ప్లేటు వైపు చూశారు. అక్కడ బజ్జీలు పాత పేపరు ముక్క మీద పెట్టి ఇస్తారు. నూనె పీల్చి అక్షరాలు తేలాయి. మార్కెట్ ధరల ఆకు. పసుపు ధర ఒకటి నల్లగా కనిపిస్తోంది. పటేలు చూపు దాని మీద ఆగింది. నాకు సాంగ్లీ గుర్తొచ్చింది. ఆయనకూ వచ్చి ఉంటుంది. బజ్జీ పక్కకు నెట్టి, పేపరు ముక్కను ఇటు తిప్పారు, అటు తిప్పారు. పైన తేదీ ఉండాల్సిన చోట చిరిగిపోయింది.

"తేదీ లేదు" అన్నారు.

"లేదు పటేలా."

"తేదీ లేని కాయిదం సదువద్దంటివి గద నువ్వు."

"అవును."

"మరి నేను నిన్ను పెట్టుకున్ననాడు అన్న మాట, దాని మీద తేదీ ఉన్నదా?"

"నోటి మాట పటేలా. తేదీ ఎక్కడుంటది?"

"మరింకేంది! గప్పటి లైను ధర మీద అన్న మాట అది. లైను ధర పడె, మాట మాత్రం ఎండకుండ ఉంటదా? ఎండిన చెరుకు తెచ్చి నా కాంటా మీద పెడుతున్నవు, సిగ్గులేదు?"

అని, ఆ ధరల కాగితంతోనే వేళ్ళకున్న నూనె తుడుచుకుని, ఉండ చేసి కాలువలోకి విసిరారు.

"డబ్బా తీసెయ్యి. రేపు పొద్దుగాల మాత్రం టయానికి రా. పోరగాండ్లకు లైను గుంజేటోడు కావాలె. నసగనోడు కావాలె."

పంచె సర్దుకుని జీపు వైపు నడిచారు. హోటల్ అతను బిల్లు కోసం చూస్తే, వెనక్కి తిరగకుండానే బొటనవేలితో నన్ను చూపించారు. ఆ ఒప్పందం రద్దయినందుకు రెండు ప్లేట్ల బజ్జీల పైసలు నేనే ఇచ్చాను.